అమ్మ ఫోన్‌లో వంకర అక్షరాలు

మా చర్చిలో దేవుడికి తెలుగు చదవటం వచ్చు, సెక్రటరీ అంకుల్‌కి రాదు. అందులో ఆయన తప్పేమీ లేదు. ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి, హిందీలో చదువుకుని, ఢిల్లీలో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. తెలుగు గడగడా మాట్లాడతారు. కోపం వస్తే అచ్చ తెలుగులోనే తిడతారు. అక్షరాలు చూపిస్తే మాత్రం జిలేబీల పళ్ళెం చూసినట్టు ముచ్చటగా చూసి పక్కకి జరిపేస్తారు.

అందుకే ఆయన పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టించి తెర మీద వేయటం మొదలుపెట్టారు. ఢిల్లీ ద్వారకలో ఒక స్కూలు హాల్లో ఆదివారం పొద్దున జరిగే చర్చి మాది. ఇక్కడ పుట్టిన పిల్లలకి తెలుగు చెవికి తెలుసు, కంటికి తెలియదు. ఇంట్లో తెలుగులో తిట్లు తిని హిందీలో జవాబు చెప్పే బాపతు. వాళ్ళకి ఆ తెర భలే నచ్చింది.

ఒక పాటలో 'నీ తోడ నడిచెదను' అని వస్తుంది. పాతకాలపు తెలుగు. నీతో, నీ వెంట అని అర్థం. అది ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద పడేసరికి పిల్లలంతా హిందీ మాట అనుకుని గొంతెత్తి పాడారు. థోడా. నీ థోడా నడిచెదను. అంటే, ప్రభువా, నీ వెంట కొంచెం నడుస్తాను, మెట్రో స్టేషన్ దాకా వస్తాను, ఆ తర్వాత నీ దారి నీది, నా దారి నాది. నిజం చెప్పాలంటే మా చర్చి భక్తికి ఆ మాటే సరిగ్గా సరిపోతుంది. కానీ ముందు నిలబడి పాట ఎత్తేది మా అమ్మ. ఆవిడ ఊరుకునే రకం కాదు.

అమ్మ కృష్ణా జిల్లా నుంచి ఢిల్లీ వచ్చి, పెద్ద సర్కారు ఆస్పత్రిలో నర్సుగా చేరి, అక్కడే రిటైరైంది. ఆస్పత్రిలో సిస్టర్, చర్చిలో సిస్టర్. రెండు చోట్లా ఆ పిలుపుకి అర్థం ఒకటే: ఈవిడ చెప్పినట్టు వినండి. ఆ ఆదివారం చెయ్యెత్తి కీబోర్డు ఆపించింది. మైకులోనే దులిపేసింది.

"థోడా ఏంటయ్యా, థోడా! కొత్తిమీర కొసరడిగినట్టు! తోడ అంటే తోడుగా అని. మళ్ళీ పాడండి."

పిల్లలు నవ్వుకుంటూ మళ్ళీ పాడారు. సెక్రటరీ అంకుల్ నవ్వలేదు. ఆరాధన అయ్యాక, సమోసాల దగ్గర, చాలా మర్యాదగా అమ్మతో అన్నారు.

"సిస్టర్‌గారూ, ఇన్నేళ్ళు చాలా సేవ చేశారు. ఇంక రెస్ట్ తీసుకోండి. పిల్లలు స్క్రీన్ చూసి పాడుకుంటారు."

రెస్ట్ తీసుకోండి అనే మాట జీవితమంతా ఎంతమందితో అన్నదో అమ్మకే తెలుసు. ఎలాంటి వాళ్ళతో అంటారో కూడా తెలుసు. ఆవిడ మొహం మాడిపోయింది.

"చర్చి యానివర్సరీకి ఈ పాట నేనే పాడిస్తా, అంకుల్‌జీ. తెలుగు అక్షరాలు చూసే పాడిస్తా," అంది. ఆయన కంటే తను పెద్దదే. కోపమొస్తే అందర్నీ అంకుల్‌జీ అంటుంది.

"ఠీక్ హై సిస్టర్‌గారూ. ఆ రోజు బాగా జరిగితే మీరే కంటిన్యూ అవ్వండి. లేదంటే స్క్రీనే."

అలా ఒప్పందం కుదిరింది. ఆ పాట చాంతాడంత ఉంటుంది. మొదటి రెండు చరణాలు అందరికీ నోటికి వచ్చు. మూడో చరణం నుంచి పుస్తకం చూడాల్సిందే. పుస్తకంలో అక్షరాలేమో చీమల బారు. ఎన్ని కళ్ళజోళ్ళు మార్చినా అమ్మకి ఆ పుస్తకం లొంగటం మానేసి కొంతకాలమైంది.

ఇంటికి వెళ్తుంటే కారులో నా మీద పడింది.

"ఏమే, ఆఫీసులో నువ్వు చేసేది ఫోన్లలోకి ఎక్కించే పనే కదా. నా పాటల పుస్తకం నా ఫోన్‌లోకి ఎక్కించు. అక్షరాలు పెద్దగా రావాలి. గుమ్మడికాయలంత రావాలి."

నిజమే, గురుగ్రామ్‌లో నా ఉద్యోగం అదే. పెద్ద కంప్యూటర్ మీద ప్రోగ్రాము తయారుచేసి చిన్న పరికరంలో నడిచేలా చూడటం. క్రాస్ కంపైలింగ్ అంటారు. ఫోన్‌లో ఉండే ప్రాసెసర్ వేరే జాతిది, డెస్క్‌టాప్ మాట దానికి అర్థం కాదు. పోనీ ఫోన్ తన ప్రోగ్రాము తానే తయారుచేసుకుంటుందా అంటే దానికంత ఓపిక లేదు. కాబట్టి డెస్క్‌టాప్ కూర్చుని, తను స్వయంగా నడపలేని ప్రోగ్రామును ఫోన్ కోసం తయారుచేస్తుంది. ఇందులో మజా ఏమిటంటే, తయారుచేసిన చోట అది ఎలా ఉందో రుచి చూసే వీలు ఉండదు. అటు పంపి, అక్కడ ఏమవుతుందో చూడాలి. ఇంత గొప్ప విషయం అమ్మకి విడమరిచి చెబితే మధ్యలోనే అందుకుంది.

"అచ్ఛా, ట్యూబ్ ఫీడింగ్! పేషెంటు నమల్లేడు. మనం వంటింట్లో మెత్తగా రుబ్బి, ముక్కులో గొట్టం వేసి ఎక్కిస్తాం. అంతేగా? దీనికి నీకు ఇంజినీరింగ్ చదువు ఎందుకే?"

నా ఉద్యోగం గురించి ఇంతకంటే మంచి వివరణ నేను ఈనాటికీ వినలేదు. కోపం మాత్రం వచ్చింది.

అమ్మ ఫోన్ గురించి చెప్పాలి. ఎప్పటిదో పాతది. కొత్తది కొనిచ్చాను. అది పెట్టెతో సహా బీరువాలో పట్టుచీరల మధ్య పడుకుని ఉంది. పాత ఫోన్‌లో ఏ బొమ్మ ఎక్కడుందో తన వేలికి తెలుసట. నేను నా గదిలో డెస్క్‌టాప్ ముందు కూర్చుని ఒక శనివారమంతా కష్టపడి పాటల యాప్ తయారుచేశాను. తెర మీద ఉత్తుత్తి ఫోన్ ఒకటి పెట్టుకుని అందులో నడిపి చూశాను. అద్భుతంగా ఉంది. తీసుకెళ్ళి అమ్మ ఫోన్‌లో వేస్తే, తెరుచుకుని, ఒక్కసారి రెప్పలార్పి, చచ్చిపోయింది.

"నా కంప్యూటర్‌లో బాగానే ఉందమ్మా," అన్నాను. మా వృత్తిలో ఎవరు దొరికిపోయినా మొదట అనే మాట ఇదే.

"అయితే నీ కంప్యూటర్‌ని చంకనేసుకుని చర్చికి వెళ్ళనా?"

తప్పు చిన్నదే. నేను కొత్త ఫోన్ల తరహా ప్రాసెసర్‌కి తయారుచేశాను, అమ్మ ఫోన్‌లో ఉన్నది పాతకాలపు ముప్పై రెండు బిట్లది. దానికి తగ్గట్టు మళ్ళీ తయారుచేస్తే యాప్ బతికింది. కానీ తెలుగు చచ్చింది. ఆ ఫోన్‌కి తెలుగు అక్షరాలు కూర్చటం సగమే వచ్చు. వత్తులన్నీ అక్షరాల కిందనుంచి జారి పక్కన నిలబడ్డాయి. ప్రభువు కాస్తా 'ప్ రభువు' అయ్యాడు. క్రీస్తు మూడు ముక్కలయ్యాడు. దాంతో అక్షరాలు సరిగ్గా కూర్చిపెట్టే ఇంకో ప్రోగ్రామును వెతికి పట్టుకుని, దాన్ని కూడా ఆ ముసలి ప్రాసెసర్ కోసం నా డెస్క్‌టాప్ మీద మళ్ళీ తయారుచేయాల్సి వచ్చింది. అది ఒక పట్టాన లొంగలేదు. ఒకటి దొరికితే ఇంకోటి దొరకలేదంటుంది. అన్నీ దొరికాక, ఇది డెస్క్‌టాప్‌కి తయారైన సరుకు, ఫోన్‌కి పనికిరాదు పొమ్మంటుంది. ఆఫీసులో ఇదే పనికి నాకు ఒక టీమ్ ఉంది. ఇంట్లో నేనూ, నా నోటి దురుసూ తప్ప ఎవరూ లేరు. దేవుడి పాటల కోసం నేను ఆ వారం తిట్టిన తిట్లు అన్నీ లెక్కలోకి తీసుకుంటే, స్వర్గం గేటు దగ్గర నాకు కచ్చితంగా ఇబ్బంది అవుతుంది.

చివరికి ఒక సాయంత్రం ప్రభువు ఒక్కముక్కగా వచ్చాడు. ఆనందంతో ఇల్లంతా వినబడేలా కేక పెట్టాను. అమ్మ వంటింట్లోంచి, "గ్యాస్ వచ్చిందా?" అని అడిగింది.

ఇక పాటలు ఎక్కించాలి. నాకు తెలుగు టైపింగ్ రాదు. ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు చేసిపెట్టే కీబోర్డుంది కదా, దాంతోనే కొట్టాను. అంటే సెక్రటరీ అంకుల్‌ని అంత వెటకారం చేసిన నేను కూడా తెలుగుని ఇంగ్లీషు సందులోంచే తెచ్చుకున్నానన్నమాట. తప్పులు దిద్దటానికి అమ్మ ముందు కూర్చున్నాను.

"నువ్వు పైకి చదువు. నేను వింటా. తప్పులు చెవికే బాగా దొరుకుతాయి," అంది.

సరే అని చదివాను. కీబోర్డు ఏమిచ్చిందో అదే, గౌరవంగా, రాగం లేకుండా.

"ప్రభువా, నీ తొడ నడిచెదను..."

అమ్మ చెయ్యెత్తి నన్ను ఆపింది. "ప్రభువు తొడ జోలికి ఎందుకు పోయావే?" అంది. ఇద్దరం ఎంత నవ్వామంటే అమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకోవాల్సి వచ్చింది. పిల్లలది థోడా, నాది తొడ. ఢిల్లీలో తెలుగు ఈ రెంటి మధ్యనే ఎక్కడో బతుకుతోంది. ఆ సాయంత్రం మా ఇద్దరికీ చాలా బాగా గడిచింది.

అసలు తంటా ఆ తర్వాత మొదలైంది. పాట మొత్తం ఎక్కించి, అక్షరాలు పెద్దవి చేసి, ఫోన్ చేతిలో పెట్టాను. అమ్మ మెడ ఒక పక్కకి వంచి, కోడి గింజని చూసినట్టు చూసింది.

"అక్షరాలు వంకరగా వస్తున్నాయే."

"ఎక్కడ?"

"మధ్యలో. చివర్లు బాగానే ఉన్నాయి. మధ్యలో మాటలు కుంగిపోయినట్టున్నాయి."

లాక్కుని చూశాను. నాకు నిటారుగానే కనబడ్డాయి. కానీ మా పనిలో ఒక సంగతి ఉంది. డెస్క్‌టాప్ మీద కనబడక ఫోన్‌లో మాత్రమే కనబడే తప్పులు మహా జిత్తులమారివి. వాడే మనిషి ఉందంటే, మనకి కనబడకపోయినా, ఉన్నట్టే అనుకుని వెతకాలి. ఆఫీసులో కుర్రవాళ్ళకి నేను పదే పదే చెప్పే మాట కూడా అదే. అక్షరాలు కూర్చే ప్రోగ్రామునే అనుమానించాను. వేరే రకంగా తయారుచేశాను. అమ్మ చూసి, "ఆఁ, ఇప్పుడు కాస్త నయం," అంది. మర్నాడు మళ్ళీ మధ్యలో వంకర. ఫాంటు మార్చాను. నయం అంది. మళ్ళీ వంకర. అక్షరాలు ఇంకా పెద్దవి చేశాను. వరసకి రెండు మాటలు మాత్రమే పట్టేలా చేశాను. బాగుంది అంది, ఫోన్ పక్కన పెట్టింది, "ఏదీ, మూడో చరణం ఒకసారి చదువు, తప్పులున్నాయేమో," అంది. చదివాను. రోజూ చదివించుకునేది.

చివరికి నాకు తిక్క రేగి, బీరువాలోంచి కొత్త ఫోన్ తీసి, దాని ప్రాసెసర్‌కి తగ్గట్టు మళ్ళీ తయారుచేసి అందులో వేశాను. అమ్మ దాన్నీ మెడ వంచి చూసింది.

"ఇందులోనూ అంతే," అంది, కాస్త నెమ్మదిగా.

రెండు ఫోన్లలోనూ ఉందంటే తప్పు నా ప్రోగ్రాములోనే ఉందని తీర్మానించుకున్నాను. తెలివైనదాన్ని కదా. యానివర్సరీ ముందు రోజు దాకా తవ్వుతూనే ఉన్నాను. ఏమీ దొరకలేదు. అమ్మ పాత ఫోన్‌నే శుభ్రంగా తుడిచి, చార్జింగ్ పెట్టి, "పర్లేదులే, ఇలాగే పాడేస్తా. బాగానే చేశావు," అంది. అమ్మ నన్ను బాగానే చేశావు అనటం అనుమానించాల్సిన విషయం. నేను అనుమానించలేదు, మురిసిపోయాను.

ఆదివారం హాలు నిండిపోయింది. ఘాజియాబాద్ నుంచీ, ఫరీదాబాద్ నుంచీ కూడా తెలుగువాళ్ళు వచ్చారు. వెనక బిర్యానీ దించుతున్నారు. సగం భక్తి అటువైపే ఉంది. అమ్మ తెల్లచీర కట్టుకుని, ఫోన్ చేత్తో పట్టుకుని ముందు నిలబడింది. తెర ఆపేసి ఉంది. సెక్రటరీ అంకుల్ మాట మీద నిలబడ్డారు. కాకపోతే లాప్‌టాప్ పక్కనే, ఇంగ్లీషు అక్షరాల కాగితం చేతిలో పెట్టుకుని నిలబడ్డారు.

మొదటి చరణం అదిరిపోయింది. రెండోది అంతకంటే బాగా వచ్చింది. అమ్మ గొంతు వయసు మీద పడ్డాక కాస్త గరగరలాడుతుంది కానీ ఎక్కడా వణకదు. మూడో చరణం ముందు వాయించే కీబోర్డు ముక్క అయిపోయింది. అమ్మ ఫోన్ వైపు చూసింది. మెడ పక్కకి వంచింది. ఇంకా వంచింది. కీబోర్డు కుర్రాడు మర్యాదస్తుడు, అదే ముక్క మళ్ళీ వాయించాడు. అమ్మ పెదవులు కదిలాయి, పాట రాలేదు. మూడోసారి కూడా వాయించాడు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. నేను మూడో వరసలో కూర్చుని, యాప్ చచ్చింది, ఖాయంగా చచ్చింది, అని నన్ను నేను తిట్టుకుంటూ లేవబోయాను. సెక్రటరీ అంకుల్ చెయ్యి లాప్‌టాప్ వైపు వెళ్ళటం చూశాను. ఆయన మీద నాకు ఆ క్షణంలో కలిగిన భావం చర్చిలో కలగకూడనిది.

అప్పుడు అమ్మ ఫోన్‌ని స్టాండు మీద పెట్టేసి, మైకు దగ్గరికి జరిగింది. డ్యూటీ దిగేముందు పేషెంటు పరిస్థితి ఇంకో నర్సుకి అప్పజెప్పే గొంతుతో చెప్పింది.

"నాకు కనబడటం లేదు. ఫోన్ బాగానే ఉంది. మా అమ్మాయి చాలా బాగా చేసిచ్చింది. నాకే కంటి మధ్యలో కనబడటం లేదు. ఎవరైనా చరణం అందించండి."

చరణం అందించటం అంటే ఏమిటో మా హాల్లో సగం మందికి తెలియదు. మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో చదువు రానివాళ్ళంతా పాటలు అలాగే పాడేవారట. చదువొచ్చిన ఒకరు ఒక్కో వరస మాటల్లో చెబుతారు, మిగతావాళ్ళు దాన్ని అందుకుని పాడతారు. చదువుకుని, పట్నాలు చేరి, పుస్తకాలు కొనుక్కున్నాక ఆ అవసరం పోయింది.

నాకు ఏడుపు రాలేదు. ముందు కోపం వచ్చింది. ఇంత మాట నాకు చెప్పకుండా మైకులో అందరికీ చెబుతావా అని. ఆ వెనకే భయం వచ్చింది. లేచినదాన్ని లేచినట్టే నిలబడిపోయాను.

నాకంటే ముందు సెక్రటరీ అంకుల్ కదిలారు. కాగితం పట్టుకుని అమ్మ పక్కకి వచ్చి నిలబడ్డారు.

"నేనందిస్తాను సిస్టర్‌గారూ. తప్పయితే దిద్దుకోండి."

ఆయన ఆఫీసు ఫైలు చదివినట్టు ఒక వరస చదివారు. ఆ ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘాలన్నీ పొట్టివైపోయాయి, పొట్టివి సాగిపోయాయి. అమ్మ విని, క్షణం ఆగి, లోపల సరిచేసుకుని, ఎత్తుకుంది. జనం అందుకున్నారు. ఆయన ఇంకో వరస చదివారు. అమ్మ దాన్ని తెలుగు చేసి పాడింది. అలా చివరి చరణం దాకా, ఆయన చదవటం, ఆవిడ పాడించటం. ఒకచోట మాత్రం ఆయన మరీ ఘోరంగా చదివితే అమ్మ మైకుకి చెయ్యి అడ్డం పెట్టి ఏదో అంది. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఆ పాట మా చర్చిలో అంత నెమ్మదిగా, అంత గట్టిగా పాడటం నేనెప్పుడూ వినలేదు.

బిర్యానీ దగ్గర ఆయనే వచ్చారు. "సిస్టర్‌గారూ, వచ్చే వారం కూడా నేనే అందిస్తా. మీరు పాడించండి. స్క్రీన్ పిల్లల కోసం పక్కన ఉంటుంది, అంతే," అన్నారు. అమ్మ తలాడించి, "ముందు రోజు మా ఇంటికొచ్చి చదివి వినిపించండి. అలా చదివితే ఎలాగండీ?" అంది. ఆయన ఠీక్ హై అన్నారు.

ఇంటికి బయల్దేరాం. రెడ్ లైట్ దగ్గర ఆగినప్పుడు అడిగాను.

"ఎప్పట్నుంచి?"

"బాత్రూమ్ టైల్స్ గీతలు వంకరగా కనబడ్డప్పట్నుంచి. టైల్స్ వంకరగా వేశాడనుకుని బిల్డర్‌ని నెలల తరబడి తిట్టుకున్నా."

"కంటి వార్డులో పనిచేశావు కదమ్మా. గీతలు వంకరగా కనబడితే కంట్లో ఏ జబ్బో నీకు తెలియదా?"

"తెలుసు."

"మరి చెప్పొచ్చు కదా! రేపే డాక్టర్ దగ్గరికి వెళ్దాం. ఇన్నాళ్ళూ నేను ఆ దిక్కుమాలిన ఫోన్ పట్టుకుని, అక్షరాలు మార్చి, అన్నీ మార్చి, పిచ్చిదాన్లా..."

అమ్మ కొంగు సర్దుకుంది. మెడ వంచి, నా మొహం వైపు పక్కనుంచి చూసింది.

"ఫోన్‌దే తప్పయితే బాగుండు అనుకున్నానే," అంది. "ఫోన్‌దైతే నువ్వు బాగుచేస్తావు కదా."